జరిమానా చాలదు, లైసెన్సు పోవాలి

శనివారం రాత్రి నారాయణగూడ వైఎంసీఏ మీదుగా హిమాయత్‌నగర్ వెళ్లేవారికి డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు కొత్త కాదు. బారికేడ్లు కనబడగానే సందులోకి బండి తిప్పేవాళ్లు, ఆగీ ఆగకముందే ఎవరికో ఫోన్ కలిపేవాళ్లు, 'రెండు పెగ్గులేగా సార్' అని బతిమాలేవాళ్లు. దొరికాక మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న: ఎంత కట్టాలి?

హెల్మెట్ చలానాలా కట్టేసి మరిచిపోయే వ్యవహారం కాదిది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు. రోడ్డు మీద రాజీకి వీల్లేదు, కోర్టు మెట్లెక్కాల్సిందే. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, రూ.10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు రెండేళ్ల దాకా, జరిమానా రూ.15,000. గ్రూప్స్ కోసం అశోక్‌నగర్‌లో ఏళ్లు ధారపోస్తున్న అభ్యర్థులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో కేసుల వివరాలు అడుగుతారు. దాస్తే అసలు కేసు కన్నా ఆ దాపరికమే మెడకు చుట్టుకుంటుంది.

జరిమానా సంగతి ఊరంతా ఎరుగును. 20వ సెక్షన్ సంగతి ఎవరూ ఎత్తరు. 185 కింద దోషిగా తేలితే కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హుడని కోర్టు ప్రకటించి తీరాలని అది చెబుతోంది. 'ప్రకటించవచ్చు' అని కాదు, 'ప్రకటించాలి' అని. డబ్బున్నవాడికి పదివేలు ఒక రాత్రి బిల్లు. ఆరు నెలలు స్టీరింగ్ ముట్టుకోకపోవడం మాత్రం ఎంతటివాడికైనా శిక్షే.

నిందితుడి హక్కులను మేము తక్కువ చేయడం లేదు. నోటి వాసన, తూలే నడక చూసి తాగాడని తేల్చలేమని 1971లోనే బచూభాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు చేస్తే రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరగాలి. తాగి నడిపాడన్న ఒక్క కారణంతో పోలీసులు బండి జప్తు చేయడం చెల్లదని, తాగని తోడు ఉంటే తాళాలు వారికివ్వాలని, ఎవరూ లేకపోతే బంధుమిత్రులను పిలవాలని 2021లో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. ఇవన్నీ న్యాయమైన రక్షణలే. 'ఊదను' అని మొండికేయడం మాత్రం రక్షణ కాదు. సరైన కారణం లేని నిరాకరణను 205వ సెక్షన్ ప్రాసిక్యూషన్ వైపు సాక్ష్యంగానే చూస్తుంది. పెద్దమనిషి ఫోన్ కాల్ సంగతి ఏ సెక్షన్‌లోనూ లేదు.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు బలయ్యారు. బస్సు కింద చిక్కుకున్న బైకును నడిపి పడిపోయినవాడు మద్యం తాగి ఉన్నాడని పరీక్షల్లో తేలింది. ఆ వెంటనే హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సజ్జనార్ తాగి నడిపేవాళ్లను ఉగ్రవాదులన్నారు. ఆ కోపం అర్థమవుతుంది. కానీ కోర్టులో కేసును నిలబెట్టేది పద్ధతిగా తీసిన రీడింగ్, సమయానికి చేయించిన రక్త పరీక్ష. ఆ రెండింట్లో పోలీసులు ఎక్కడ జారినా లాభపడేది తాగినవాడే.

లైసెన్సు పోతే ఆటో, క్యాబ్ డ్రైవర్ల పొట్ట కొట్టినట్టే కదా అంటారు. నిజమే, వారికి ఇది మిగతావారి కన్నా పెద్ద దెబ్బ. అయినా మనుషులను ఎక్కించుకుని తిరిగేవాడికి మినహాయింపు ఇవ్వమని ఏ ముఖంతో అడుగుతాం? సొంత కారు లేక ఆఫీసుకెలా అని వాపోయేవారికి నారాయణగూడలో, చిక్కడపల్లిలో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మెట్రో స్టేషన్లున్నాయి.

వారాంతంలో ఎందరు పట్టుబడ్డారో నగర పోలీసులు ప్రకటిస్తూనే ఉన్నారు. వారిలో ఎందరి లైసెన్సుపై కోర్టులు వేటు వేశాయో, ఆ ఉత్తర్వులు రవాణా శాఖ రికార్డుల్లోకి ఎక్కాయో లేదో కూడా ఇకపై స్టేషన్ల వారీగా ప్రతి నెలా ప్రకటించాలి. నారాయణగూడ, చిక్కడపల్లి ట్రాఫిక్ స్టేషన్లతోనే మొదలుపెట్టవచ్చు.