పప్పీ కొంటున్నారా? రేటు తర్వాత.. ముందు తల్లిని చూపించమనండి!

ల్యాబ్రడార్ పప్పీ. ఒకరు 8 వేలంటారు. ఇంకొకరు 15 వేలంటారు. మరొకరు ‘విత్ పేపర్స్’ అంటూ 30 వేలకు పైనే చెబుతారు. ఫోన్‌లో ఫొటోలు చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. మరి తేడా ఎక్కడుంది?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జాతి కుక్కపిల్ల కావాలంటే చాలామంది విశాఖ వైపో, హైదరాబాద్ వైపో, లేదంటే ఆన్‌లైన్ ప్రకటనల వైపో చూస్తారు. అంటే పిల్ల ఒకచోట పుడుతుంది, బేరం ఫోన్‌లో అవుతుంది, డెలివరీ మరోచోట. పుట్టిన చోటు కొనేవాళ్లకు కనిపించదు. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

రేటులో ఏమేం ఉంటాయి?

పద్ధతిగా పెంచే బ్రీడర్‌కు ఖర్చు పిల్లలు పుట్టకముందే మొదలవుతుంది. తల్లి సుమారు 63 రోజులు కడుపుతో ఉంటుంది. ఆ రోజుల్లో మంచి తిండి, డాక్టర్ పరీక్షలు కావాలి. మగ కుక్క యజమానికి మేటింగ్ ఫీజు డబ్బుగానో, ఒక పిల్లగానో ఇవ్వాలి. పిల్లలు పుట్టాక నులిపురుగుల మందు, మొదటి టీకా, మైక్రోచిప్, రిజిస్ట్రేషన్.. పైగా రెండు నెలల పోషణ.

మరి బాగా తక్కువ రేటుకి ఇచ్చేవాళ్లు ఏం చేస్తున్నట్టు? చాలాసార్లు వీటిలో కొన్ని ఎగ్గొడుతున్నట్టే. ఆ ఖర్చు మాయమైపోదు. తర్వాత మీ ఆస్పత్రి బిల్లులో కనిపిస్తుంది.

అలాగని ఎక్కువ రేటు గ్యారంటీ కాదు. ‘హెవీ బోన్’, ‘షో క్వాలిటీ’, ‘ఛాంపియన్ బ్లడ్‌లైన్’.. ఇవన్నీ అమ్మేవాళ్ల మాటలు. ఛాంపియన్ వంశమే అయితే ఆ పేర్లు వంశావళి సర్టిఫికెట్‌లో ఉండాలి. పేరును బట్టి కూడా రేటు మారిపోతుంది. మన ఊళ్లలో ‘పామ్’ అని పిలిచే తెల్ల కుక్క చాలావరకు పామరేనియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్. మంచి కుక్కే. కానీ ఆ పేరుతో టాయ్ పామ్ రేటు అడిగితే మాత్రం ఆలోచించాలి.

‘పేపర్స్’ ఏం చెబుతాయి? ఏం చెప్పవు?

పేపర్స్ అంటే మామూలుగా కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, అంటే కేసీఐ సర్టిఫికెట్. 1896లో మొదలైన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం చెన్నైలో ఉంది. పిల్ల తల్లిదండ్రులెవరు, తాత ముత్తాతలెవరు అనేది ఈ సర్టిఫికెట్ చెబుతుంది. ఆరోగ్యం గురించి మాత్రం చెప్పదు. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతుల్లో తుంటి కీలు సమస్య వంశపారంపర్యంగా వస్తుంది. అందుకే తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే ఉందా అని అడగాలి. సర్టిఫికెట్‌లోని మైక్రోచిప్ నంబర్, పిల్ల ఒంట్లోని చిప్ నంబర్ ఒకటేనో కాదో స్కానర్‌తో చూపించమనాలి.

రూల్స్ ఉన్నాయి.. తెలిసినవాళ్లు తక్కువ

కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడ కుక్కకు ఏడాదికి ఒక్క ఈతే, జీవితంలో ఐదుకు మించకూడదు. ఏం తినిపించాలి, ఏ టీకాలు ఎప్పుడు వేశారు, ఏ డాక్టర్ చూశారు.. ఇవన్నీ కొనేవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

దీన్నిబట్టి ఒక విషయం అర్థమవుతుంది. పద్ధతైన బ్రీడర్ దగ్గర ఎప్పుడూ పిల్లలు రెడీగా ఉండవు. ‘వచ్చే ఈత వరకు ఆగండి’ అంటారు. ఏ జాతి అడిగినా ‘రేపే పంపిస్తాం’ అనేవాళ్లు చాలావరకు బ్రీడర్లు కాదు, మధ్యవర్తులు.

మరి రూల్స్ తప్పితే? మన జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది. జంతువుల్ని హింసించిన కేసులో మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే! శిక్ష ఇంత తేలికైనప్పుడు జాగ్రత్త పడాల్సింది కొనేవాళ్లే.

30 రోజుల పిల్ల ఎందుకు వద్దు?

చిన్నగా ఉంటే ముద్దుగా ఉంటుంది, త్వరగా అమ్ముడవుతుంది. కానీ తల్లిపాలు త్వరగా మాన్పించిన పిల్లకు తట్టుకునే శక్తి తక్కువ. పిల్లల్ని ఎక్కువగా చంపే జబ్బు పార్వో. వాంతులు, రక్త విరేచనాలతో రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా 3 నుంచి 7 రోజులు పడుతుంది. కాబట్టి కొన్నరోజు గెంతులేసిన పిల్ల వారంలో పడిపోవచ్చు. అప్పుడు అమ్మినవాళ్లు ‘మా దగ్గర బాగానే ఉంది కదా’ అంటారు. టీకా కార్డు, రాతపూర్వక రసీదు లేకపోతే మీ మాట నిలబడదు.

వయసుపై అనుమానమా? పాలపళ్లు మొత్తం 28. దాదాపు రెండు నెలలకు చాలావరకు వచ్చేస్తాయి. డాక్టర్ పళ్లు చూసి అంచనా చెప్పగలరు. విజయనగరం జిల్లా గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కాలేజీ ఉంది. కొన్న రోజే అక్కడో, దగ్గర్లోని పశువైద్యశాలలోనో చూపించడం మంచిది.

ఇంగ్లండ్ ఏం చేసింది?

అక్కడ 2020 ఏప్రిల్‌లో ‘లూసీస్ లా’ అమల్లోకి వచ్చింది. ఆరు నెలల లోపు పిల్లల్ని వ్యాపారం కోసం మధ్యవర్తులు అమ్మకూడదు. లైసెన్స్ ఉన్న బ్రీడర్ పిల్లను పుట్టిన చోటే, తల్లితో కలిపి చూపించాలి. మనకు ఇలాంటి కచ్చితమైన చట్టం లేదు. కానీ అదే షరతు మీరే పెట్టొచ్చు కదా?

తల్లి కనిపిస్తే చాలా ప్రశ్నలకు జవాబు దొరికినట్టే. ఎముకలు తేలి ఉందా? మనుషుల్ని చూసి బెదురుతోందా? ఉండే చోటు శుభ్రంగా ఉందా? తల్లి స్వభావం, ఆరోగ్యం పిల్లలో కనిపిస్తాయి. ‘తల్లి వేరే ఊళ్లో ఉంది’ అంటే వీడియో కాల్‌లో పిల్లలు పాలు తాగుతుండగా చూపించమనండి. అది కూడా కుదరదంటే వదిలేయండి.

అడ్వాన్స్ పంపే ముందు ఆగండి

‘ట్రాన్స్‌ఫర్ అయింది, ఫ్రీగా ఇచ్చేస్తున్నాం, రవాణా ఖర్చు పంపండి చాలు’ అనే ప్రకటనలు చూస్తే జాగ్రత్త. ముందు రవాణా, తర్వాత బోను, ఆ తర్వాత ఇన్సూరెన్స్ అంటూ లాగుతారు. పిల్ల రాదు. ఇలా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి. అమ్మేవాళ్లు నిజమైనవాళ్లే అయినా పిల్లను పార్శిల్‌లా బస్సెక్కించమనకండి. వెళ్లి తెచ్చుకోండి. ఒక రోజు ప్రయాణంలో వచ్చేది పిల్ల మాత్రమే కాదు, అది పుట్టిన ఇంటి గురించిన నిజం కూడా.

కొనే ముందు ఇవి అడగండి

- తల్లిని, వీలైతే తండ్రిని చూపిస్తారా?
- 8 వారాలు నిండాయా? టీకా కార్డుపై డాక్టర్ సంతకం ఉందా?
- బ్రీడర్ రిజిస్ట్రేషన్ ఉందా?
- సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో మీ పేరుకు మారుతుంది?
- పిల్లకు జబ్బు చేస్తే బాధ్యత ఎవరిదో కాగితం మీద రాసిస్తారా?

ఇంకో గుర్తు. మంచి బ్రీడర్ మిమ్మల్నీ ప్రశ్నిస్తారు. ఇంట్లో ఎవరుంటారు? పగలంతా తాళం వేసి వెళ్తారా? అని అడుగుతారు. చిరాకు పడకండి. ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుందో పట్టించుకునే మనిషి దగ్గరే కొనడం మేలు.

ఒకవేళ మీకు కావాల్సింది కాపలా, తోడు మాత్రమే అయితే జాతి పేరుకు వేలు పోయక్కర్లేదు. వీధిలో పుట్టిన పిల్లకు టీకాలేయించి పెంచుకుంటే మన ఎండకు, ఉక్కపోతకు అదే బాగా తట్టుకుంటుంది. కొనేదైనా, తెచ్చుకునేదైనా పదేళ్లకు పైగా మీతో ఉండే ప్రాణం. బేరం ఫొటో చూసి కాదు, తల్లిని చూశాకే మొదలుపెట్టండి.