ఏ మెట్టు మీద ఎవరు?

సోనారి విమానాశ్రయం వైపు చిన్న విమానం వెళ్తే చాలు, మా పిల్లల చూపంతా కిటికీలోనే. నమూనా విమానాల విన్యాసాల పోటీల మీద మొన్న వారిలో వాదన రేగింది. ఐమాక్ పోటీల్లో బేసిక్, స్పోర్ట్స్‌మన్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, అన్‌లిమిటెడ్ అని 5 తరగతులు. అన్నీ కలిపేస్తేనే అసలు మొనగాడు తేలతాడని కొందరి పట్టు.

మేము తరగతుల పక్షమే. ప్రతి విన్యాసానికీ 10కి మార్కులు వేసి, కష్టాన్ని బట్టి కె-ఫ్యాక్టర్‌తో హెచ్చిస్తారు. అందరినీ కలిపితే, తేలిక విన్యాసాలు ఎంత నిక్కచ్చిగా చేసినా కొత్తవాడు వెనకబడాల్సిందే. వాడు మళ్లీ రిమోట్ ముట్టడు.

ఊరూరా తెలుగు చెప్పిన మాకిది కొత్త కాదు. ఇక్కడ ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే తొమ్మిదో తరగతి కుర్రాడికి ఒత్తులు రావు. ఆరో తరగతి అమ్మాయి కథ చదివేస్తుంది. వయసు చూసి కూర్చోబెడితే ఇద్దరికీ నష్టమే.

అయితే గెలిచినవాడు కప్పుల కోసం కింది తరగతిలోనే తిష్ఠ వేస్తానంటే ఒప్పుకోం. పైకి పంపాల్సిందే. ఐదుగురే వస్తే 5 తరగతులూ వద్దు, అందరూ ప్రథములే అవుతారు! మన బడిలో ఎప్పుడైనా పెడితే రెండింటితో మొదలుపెడదాం. మూడోది ఎప్పుడు కావాలో పిల్లలే అడుగుతారు.