కాడికి జోడు కుదరాలి



మన కంప్యూటర్ గదిలో మూలనున్న పాత కంప్యూటరు ఆగిపోయి ఆరు నెలలైంది. మొన్న పూర్వ విద్యార్థులు వచ్చి 25,000 రూపాయలు ఇచ్చి, "కొత్తది అసెంబుల్ చేయించుకోండి" అన్నారు. వారికి మనందరి తరఫున కృతజ్ఞతలు. అయితే ఆ రోజు నుంచి భోజనాల లైనులో ఒకటే గోల. ఒకరు "ఐ7 వేయాలి" అంటారు. ఇంకొకరు "గేముల కార్డు వేయాలి" అంటారు. "పాతదాంట్లోనే కొత్త ప్రాసెసరు పెట్టేస్తే చాలు, మిగతా డబ్బుతో క్రికెట్ కిట్టు కొందాం" అనేవాళ్ళూ ఉన్నారు. ఏ సామానుకి ఏ సామాను జత కుదురుతుందో మాత్రం ఎవరూ అడగడం లేదు.

మన ఇళ్ళల్లో దుక్కి దున్నడం అందరం చూసినవాళ్ళమే. కాడికి ఒక పక్క ఎత్తు ఎద్దునీ, ఇంకో పక్క గిడస ఎద్దునీ కడితే ఏమవుతుంది? రెండూ మంచి ఎద్దులే. కాని చాలు వంకర పోతుంది, ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. కంప్యూటరు కూడా అంతే అని నా అభిప్రాయం. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

రెండేళ్ళ క్రితం మా అన్న ఒక పాత కంప్యూటరు కొని ఇంటికి తెచ్చాడు. చాలా నెమ్మదిగా నడిచేది. "ర్యామ్ పెంచితే పరుగెడుతుంది" అని నేనే చెప్పాను. పసుపు అమ్మిన డబ్బులోంచి అన్న 1,500 ఇచ్చాడు. షాపుకి వెళ్ళి 8 జి.బి. ర్యామ్ కావాలన్నాను, ఇచ్చారు. ఇంటికొచ్చి పెడితే దిగలేదు. బిగువుగా ఉందేమోనని బలంగా నొక్కాను. అయినా దిగలేదు. మా బోర్డు డి.డి.ఆర్.3ది, నేను తెచ్చింది డి.డి.ఆర్.4. మూడుకి 240 పిన్నులు, నాలుగుకి 288. గాటు ఉండే చోటు కూడా వేరు. వాపసు ఇద్దామని వెళ్తే "సీలు తీశాక తీసుకోం" అన్నారు. అన్న ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు మరీ బాధ అనిపించింది.

ఆ తర్వాత వేసవి సెలవుల్లో విశాఖపట్నంలో మా మావయ్యకి తెలిసిన రిపేరు షాపులో నెల రోజులు కూర్చున్నాను. అక్కడ తెలుసుకున్నవి మీకు చెప్తాను.

మొదటిది, ప్రాసెసరు, బోర్డు జంటగా ఎంచాలి. మన పాత బోర్డు హెచ్61 రకం, దాని సాకెట్టు 1155. ఇంటెల్ వారి రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లే దానికి పనికొస్తాయి. కనుక "పాతదాంట్లో కొత్తది" అనే మాట కుదరదు.

రెండోది, సాకెట్టు నంబరు కలిసినా మోసపోవచ్చు. 2015లో వచ్చిన ఆరో తరానికీ, 2017లో వచ్చిన ఎనిమిదో తరానికీ సాకెట్టు నంబరు 1151యే. అయినా ఆరో తరం బోర్డులో ఎనిమిదో తరం ప్రాసెసరు పెడితే కంప్యూటరు లేవదు. ఏ.ఎం.డి.లో బి450 బోర్డు మీద 2020లో వచ్చిన రైజెన్ 5000 ప్రాసెసరు నడవాలంటే ముందు బయాస్ కొత్తది ఎక్కించాలి. కాబట్టి బోర్డు కంపెనీవారు ఇచ్చే ప్రాసెసర్ల పట్టికలో మన నంబరు ఉందో లేదో చూసుకోవాలి.

మూడోది, ఒక్క అక్షరం. ఐ3-12100 లో డిస్‌ప్లే లోపలే ఉంటుంది. ఐ3-12100ఎఫ్ లో ఉండదు. చవకని "ఎఫ్" తెచ్చామా, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనేదాకా తెర నల్లగానే ఉంటుంది.

నాలుగోది, మనకున్న సామాను. మన మానిటరుకి వి.జి.ఎ. వైరు ఒక్కటే ఉంది. కొత్త బోర్డుకి ఆ రంధ్రం ఉందో లేదో చూడాలి. హెచ్610 బోర్డుల్లో కొన్ని డి.డి.ఆర్.4వి, కొన్ని డి.డి.ఆర్.5వి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు. గేముల కార్డు వేయాలంటే చాలావాటికి ఎస్.ఎం.పి.ఎస్. నుంచి 6 లేక 8 పిన్నుల వైరు విడిగా రావాలి. మన పాతదానికి ఆ వైరే లేదు.

"ఇవన్నీ మనకెందుకు, షాపువాడికి తెలుసు కదా" అని కొందరంటారు. నిజమే, తెలుసు. కాని మన గదిలో ఏ మానిటరు ఉందో, ఏ ఎస్.ఎం.పి.ఎస్. ఉందో అతనికి తెలీదు. మనం చెప్పకపోతే తన దగ్గరున్నదే ఇస్తాడు. నాకు ర్యామ్ ఇచ్చినాయన చెడ్డవాడు కాదు. నా బోర్డు పేరు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"పిల్లలు ముట్టుకుంటే పాడు చేస్తారు" అని సార్లు అనుకోవచ్చు. నేను బలంగా నొక్కినవాణ్ణే కాబట్టి కాదనలేను. అయినా డబ్బా ఎప్పుడూ తాళం వెనకే ఉంటే, రేపు బయట మేము కొనేటప్పుడు కూడా అలాగే నొక్కుతాం.

అందుచేత వార్డెన్ సార్లకు నా మనవి. ఈ నెల ఏమీ కొనవద్దు. ఒక ఆదివారం మా ఎదుట పాత డబ్బా విప్పించండి. ఏ సామాను పనికొస్తుందో, ఏది కొత్తది కావాలో, దేనికి ఏది జతో కాగితం మీద రాసి ఈ గోడ మీదే అంటిద్దాం. తప్పు కనిపెట్టినవాళ్ళు పెన్సిలుతో దిద్దాలి. తర్వాత ఆ కాగితం పట్టుకుని సారుతో పాటు ఇద్దరు విద్యార్థులు షాపుకి వెళ్ళాలి. నా ఓటు ఐ7కి కాదు. డిస్‌ప్లే లోపలే ఉన్న ఐ3, దానికి కుదిరే వి.జి.ఎ. ఉన్న బోర్డు మన చదువుకి చాలు.

చివరగా ఒక మాట. ఆ 8 జి.బి. ర్యామ్ ఇంకా నా ట్రంకు పెట్టెలోనే ఉంది. రిపేరు షాపులో పెట్టి చూశాం, పని చేస్తోంది. మనం డి.డి.ఆర్.4 బోర్డు తీసుకుంటే దాన్ని హాస్టల్‌కి ఇచ్చేస్తాను. అన్నని అడిగాను, సరే అన్నాడు. అయితే నా ర్యామ్ కోసమని బోర్డు ఎంచవద్దు. ముందు కాగితం రాద్దాం. గాటు ఎలా ఉంటుందో చూడాలనుకునేవారు సాయంత్రం స్టడీ అవర్ ముందు నా దగ్గరికి రండి.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు
మీ మిత్రుడు
10వ తరగతి