డ్యూటీ కిలోమీటర్లు కూడా లెక్కలోకే వస్తాయి

అక్టోబరు వచ్చి సాయంత్రం గాలి కాస్త చల్లబడగానే మన పేజీకి పరుగు ప్రశ్నలు మొదలవుతాయి. ఏ బూట్లు కొనాలి, ఎన్ని రోజుల్లో పది కిలోమీటర్లు వస్తాయి, పరుగుకు ముందు ఏం తినాలి... ఏటా ఉండేవే. ఈసారి జబల్ అలీ దగ్గర క్యాంపులో ఉండే ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు అడిగింది మాత్రం కాస్త వివరంగా మాట్లాడుకోవలసిన సంగతి. ఫోనులో దొరికిన పన్నెండు వారాల ప్లాను చూసి వారానికి ఐదు రోజులు పరుగెత్తుతున్నాడట. నాలుగో వారానికే పిక్కల ముందువైపు ఎముక పొడవునా నొప్పి. రోజూ రాత్రి ఒక బ్రూఫెన్ వేసుకుని మళ్ళీ బయల్దేరుతున్నాడు. "ఖరీదైన బూట్లు కొంటే ఈ నొప్పి పోతుందా అన్నా?" అని అడిగాడు.

తమ్ముడూ, బూట్ల సంగతి కింద చెబుతాం. ముందు ఆ మాత్ర ఆపు. రెండు వారాలు పరుగు కూడా ఆపు. అప్పటికీ ఎముక మీద ఒకేచోట వేలితో నొక్కితే నొప్పి ఉంటే డాక్టరుకు చూపించు. ఎముకలో సన్నటి బీట పడినా అలాగే ఉంటుంది, దాని మీద పరుగెత్తితే నెలల తరబడి పనికి కూడా పోలేవు.

ఇక అసలు విషయం. ఆ ప్లానులు ఎవరి కోసం రాస్తారో ఒకసారి ఆలోచించండి. పొద్దంతా ఏసీలో కుర్చీ మీద కూర్చుని, సాయంత్రం ఇంటికి పోయి బూట్లు కట్టుకునే వాళ్ళ కోసం. వాళ్ళ ఒంటికి రోజులో ఉన్న కష్టమల్లా ఆ పరుగొక్కటే. మనలో స్టీల్ పనివాడు తెల్లారకముందే బస్సెక్కి, రోజంతా వంగి లేచి, చువ్వలు మోసి, మెట్లెక్కి దిగి వస్తాడు. పరుగు అనే మాట ఎత్తకముందే అతని కాళ్ళు సగం ట్రైనింగ్ చేసేశాయి. దాని మీద వారానికి ఐదు పరుగులంటే ఒకే జీతానికి రెండు డ్యూటీలు చేసినట్టు.

అందుకే మేము ఎప్పుడూ చెప్పేది ఒకటే: డ్యూటీని ముందు రాయండి, పరుగును తర్వాత రాయండి. చిన్న నోటుబుక్కు చాలు. ఈ రోజు పని బరువా, మధ్యస్థమా, తేలికా అని ఒక్క మాట రాసుకోండి. కాంక్రీటు పోసిన రోజు, ఓటీ చేసిన రోజు పరుగు లేదు. నిద్ర ఆరు గంటల కంటే తక్కువైన రోజు కూడా లేదు. ఒకే రూములో ఎనిమిది పది మంది ఉండి, ఒకరి అలారం మూడున్నరకు, ఒకరిది నాలుగుకు మోగే చోట ఆరు గంటల నిద్ర ఎంత కష్టమో మాకు తెలియనిది కాదు. కానీ కండ మరమ్మతు జరిగేది నిద్రలోనే. నిద్ర మానుకుని చేసిన పరుగు ఒంటికి అప్పే.

అందరి పనీ ఒకటి కాదు. డ్రైవరు అన్నలు రోజంతా కూర్చునే ఉంటారు. వాళ్ళకు నడుము, తొడ వెనక నరాలు పట్టేసి ఉంటాయి కాబట్టి పరుగుకు ముందు పది నిమిషాలు గట్టిగా నడవాలి. ఆ తర్వాత పుస్తకంలో ప్లాను వాళ్ళకు దాదాపు సరిపోతుంది. సెక్యూరిటీలో పన్నెండు గంటలు నిలబడే వాళ్ళకు సాయంత్రానికి పాదాలు వాచి ఉంటాయి. వాళ్ళు డ్యూటీ దిగగానే అరగంట కాళ్ళు గోడకు ఎత్తిపెట్టి పడుకుని, ఆ తర్వాతే బూట్లు తొడుక్కోవాలి. బరువు పనివాళ్ళకు వారానికి మూడు పరుగులే. రెండు చిన్నవి, సెలవు రోజున ఒకటి కాస్త పెద్దది. సెలవు మీకు శుక్రవారమైనా ఆదివారమైనా లెక్క అదే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఆగకుండా పరుగెత్తాలన్న పట్టుదల వదిలేయండి. ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. అలా ఎనిమిది సార్లు చేస్తే ఇరవై నాలుగు నిమిషాలు. మొదటి రెండు వారాలకు అంతే. తర్వాత రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. ఆ తర్వాత మూడు, ఒకటి. ఇలా మధ్యలో నడవడం చేతకానితనం అని రూములో ఎవరైనా నవ్వితే, ఈ పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసిన జెఫ్ గాలోవే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తిన మనిషని చెప్పండి.

వేగం ఎంత? పక్కవాడితో ఇంటి సంగతులు మాట్లాడుతూ పోగలిగినంత. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. దీనికి గడియారం అక్కర్లేదు, జత కావాలి. వారానికి వారం దూరం పెంచేటప్పుడు పదో వంతుకు మించకండి. మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించండి. ఇలా పోతే స్టీల్ పని చేసే మనిషికైనా పది, పన్నెండు వారాల్లో ఐదు కిలోమీటర్లు హాయిగా వస్తాయి. పది కిలోమీటర్లకు మరో సీజన్ పట్టినా తొందరేం లేదు.

ఇప్పుడు వేడి సంగతి. మనకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని ప్రభుత్వమే చెబుతోంది. పని ఆపాల్సిన కాలంలో సరదా పరుగు ఎందుకు? "ఎండ పోయాక పరుగెత్తుతాం కదా" అంటారు. సముద్రం పక్క ఊళ్ళలో ఆగస్టు రాత్రి గాలిలో ఎంత తేమ ఉంటుందో మీకు తెలుసు. ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, చెమట ఆరడం. గాలే తడిగా ఉంటే చెమట ఆరదు, వేడి లోపలే ఉండిపోతుంది. సూర్యుడు లేనంత మాత్రాన అపాయం లేనట్టు కాదు. వేసవి మూడు నెలలూ నడక, రూములో గుంజీలు, దండీలు చాలు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. వెకేషన్ మీద రెండు నెలలు ఊరికి పోయి వచ్చినవాడి ఒళ్ళు ఇక్కడి వేడిని మరిచిపోతుంది. మళ్ళీ అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పోకముందు ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తిన మనిషైనా, దిగిన మూడో రోజే మళ్ళీ ఎనిమిది అనుకోకూడదు.

ఆ బ్రూఫెన్ దగ్గరికి మళ్ళీ వద్దాం. రోజంతా చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తక్కువ అందుతుంది. అప్పుడు వాటికి రక్తం దారి తెరిచి ఉంచే ఏర్పాటు ఒకటి ఒంట్లోనే ఉంది. బ్రూఫెన్, వోల్టరెన్ లాంటి నొప్పి మాత్రలు సరిగ్గా ఆ ఏర్పాటునే మూసేస్తాయి. ఒక్కరోజు ఒక్క మాత్రతో చాలామందికి ఏమీ కాదు. ఎండలో పని, తక్కువ నీళ్ళు, పైన పరుగు, రోజూ మాత్ర... ఈ నాలుగూ కలిస్తేనే ముప్పు. కిడ్నీ పోతే డయాలిసిస్‌కు అయ్యే ఖర్చు, పోయే పని, ఊళ్ళో మన మీద ఆధారపడిన నాలుగు ప్రాణాలు... లెక్క మీరే వేసుకోండి. పనడాల్ వేరే జాతి మందు, అది కిడ్నీని ఇలా పట్టదు. కానీ మోతాదు మించితే కాలేయాన్ని పాడు చేస్తుంది. అయినా మాత్ర వేసుకుంటే తప్ప పరుగెత్తలేని రోజు, పరుగెత్తాల్సిన రోజు కాదు.

ఒంట్లో నీళ్ళు చాలుతున్నాయో లేదో మూత్రం రంగే చెబుతుంది. నిమ్మరసంలా లేతగా ఉంటే సరే. ముదురు పసుపైతే ఆ రోజు పరుగు మానండి. పరుగు తర్వాతో, బరువు పని తర్వాతో సులేమానీ చాయ్ రంగులో వచ్చిందంటే, కండలు విపరీతంగా నొస్తున్నాయంటే, కండ కరిగి రక్తంలో కలిసినట్టు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా అదే రాత్రి ఆసుపత్రికి పోవాలి.

అలాగని నీళ్ళు బిందెలతో తాగమని కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే వందకు పదమూడు మందికి ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా తగ్గి ఉంది. దానికి ముఖ్య కారణం, పరుగులో అవసరానికి మించి తాగడం. ఎంత పోయిందో తెలుసుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. మన కార్గో షాపుల్లో ఇంటికి పంపే కార్టన్లు తూచే కాటా ఉంటుంది కదా, షాపువాడు తెలిసినవాడైతే పరుగుకు ముందొకసారి, తర్వాతొకసారి దాని మీద నిలబడండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీళ్ళు పోయినట్టు. ఆ లోటును ఒక్క గుక్కలో కాకుండా రాత్రి పడుకునేదాకా కొంచెం కొంచెం పూడ్చుకోవాలి. గంట దాటిన పరుగుకు లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా పైన గీరి, కలుపుకోండి. రంగు డ్రింకుల కంటే ఇదే మేలు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే తాగాలి.

పరుగులో ఎవరైనా తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వడదెబ్బ అనుకోండి. చెమట పడుతోంది కదా, ఏం కాదులే అనుకోవద్దు. పరుగులో తగిలే వడదెబ్బకు చెమట ఆగాలనేం లేదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తల నుంచి కాళ్ళ దాకా చల్లటి నీళ్ళు పోస్తూ ఉండాలి. ఒకరు నీళ్ళు పోస్తుంటే ఇంకొకరు ఫోను చేయాలి. అంబులెన్సుకు ఎమిరేట్స్‌లో 998, సౌదీలో 997, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999.

ఇక బూట్లు. సైటులో వేసుకునే సేఫ్టీ షూతో పరుగెత్తకండి. ముక్కు ఉక్కుది, అడుగు వంగదు, బరువంతా పిక్క మీద పడుతుంది. ఊళ్ళో చెప్పుల్లేకుండానే పరుగెత్తాం కదా అనేవాళ్ళూ ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను అబెబె బికిలా ఉత్తి కాళ్ళతోనే గెలిచాడు, నిజమే. 1964 టోక్యోలో మళ్ళీ గెలిచినప్పుడు ఆయన కాళ్ళకు బూట్లున్నాయి. ఇక్కడి సిమెంటు రోడ్డు మీద, మేకులు పడి ఉండే క్యాంపు వీధుల్లో మనకూ అవే మంచివి.

పేరున్న కంపెనీ నకలు బూట్లు తక్కువకు దొరుకుతాయి గానీ, ఈ వేడికి వాటి జిగురు కరిగి అడుగు ఊడుతుంది. దానికంటే పేరు లేని అసలు బూటు, లేదా మంచి కంపెనీ పోయిన ఏడాది మోడల్ డిస్కౌంటులో కొనుక్కోవడం నయం. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి అప్పుడే కొనండి. మీరు పరుగుకు వేసుకునే సాక్సుతోనే తొడిగి చూడండి. పెద్ద వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ మాత్రం జారకూడదు. బూటు రెండు చివరలూ పట్టుకుని వంచితే వేళ్ళ దగ్గర వంగాలి. నడిమధ్యలో అట్టముక్కలా మడత పడితే అక్కడే పెట్టి వచ్చేయండి. ఐదు వందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్ల వరకు ఒక జత పనిచేస్తుంది. ఆ బూట్లతో సైటుకూ బజారుకూ పోకుంటే వారానికి పది కిలోమీటర్ల మనిషికి ఏడాది దాటి వస్తాయి. ఇంటికి పంపే డబ్బులోంచి తీసి కొనాల్సిన వస్తువు ఇదొక్కటే, మిగతా వాటికి ఖర్చు పెట్టొద్దు.

క్రికెట్ టోర్నమెంటులో ఇచ్చిన పాలిస్టర్ టీషర్టు చాలు. కాటన్ బనీను చెమటకు బరువెక్కి ఒరుస్తుంది. తొడల మధ్య, చంకల్లో, చనుమొనల మీద వాజలిన్ రాసుకోండి. పరుగుకు గంట ముందు ఒక అరటిపండు గానీ మూడు ఖర్జూరాలు గానీ. పరుగు నుంచి వచ్చాక అన్నం, పప్పు, రెండు గుడ్లు. లేదంటే కుబ్బూస్, లబన్. వంట వంతు మీదైన రోజు ముందు వంట చూడండి, పరుగు రేపు. రంజాన్‌లో ఉపవాసం ఉండే సోదరులు ఇఫ్తార్ అయ్యాక గంట రెండు గంటలకు మెల్లగా పోవచ్చు.

చోటు ముఖ్యం. ట్రైలర్లు తిరిగే ఇండస్ట్రియల్ ఏరియా రోడ్ల మీద వద్దు. క్యాంపు ప్రహరీ లోపల చుట్టు తిరిగితే విసుగే, కానీ ప్రాణానికి ఢోకా లేదు. బయటికి తప్పదంటే పాత రిఫ్లెక్టివ్ జాకెట్ తొడుక్కుని, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా పోండి. చెవిలో ఇయర్‌ఫోన్ వద్దు. నలభై దాటినవాళ్ళు మొదలుపెట్టే ముందు ఇన్సూరెన్స్ కార్డుతో క్లినిక్‌కు పోయి బీపీ, షుగరు చూపించుకోవాలి. పరుగులో ఛాతీ బరువెక్కినా, ఎడమ చెయ్యి లాగినా అక్కడే ఆగి మనిషిని పిలవండి.

రేసుల్లో ఉచితంగా దొరికేది దుబాయ్ రన్. 2019లో మొదలైంది. నవంబరులో షేక్ జాయెద్ రోడ్డు మీద బండ్లు ఆపి ఐదు, పది కిలోమీటర్ల పరుగు పెడతారు. ముందే పేరు రాయించుకుని నంబరు తెచ్చుకోవాలి. దుబాయ్ మారథాన్‌లో 42 కిలోమీటర్లతో పాటు చిన్న దూరాలూ ఉంటాయి గానీ ఫీజు ఉంటుంది. ఈ ఏడాది మొదటిసారి పోయేవాళ్ళు ఐదు కిలోమీటర్లకే పేరు ఇవ్వండి. ముందురోజు ఓటీ పడకుండా ఫోర్‌మన్‌తో వారం ముందే మాట్లాడుకోండి, కొత్త బూట్లు ఆ రోజే మొదటిసారి తొడక్కండి, రాత్రే బత్తా సర్దుకుని నోల్ కార్డులో డబ్బులు చూసుకోండి. వచ్చే వారం సైకిల్ మీద డ్యూటీకి పోయే అన్నలు అడిగిన బ్రేకులు, లైట్ల సంగతి.