ఉప్పునీటి చెరువులు - ఊరి నమ్మకము

తిమ్మాజిపేటనుండి సముద్రతీరము 200 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. అచ్చటి విద్యార్థికి రొయ్యల చెరువుల తగవు పరాయి విషయముగా తోచుట సహజము. కాని చెరువు అతనికి పరాయిది కాదు. పాలమూరు పల్లెలలో చెరువు నీటిపై ఆయకట్టు రైతునకు హక్కు కలదు. చేపలపై మత్స్యకారుల సహకార సంఘమునకు హక్కు కలదు. బట్టలుదుకువారికి రేవు కలదు, పశువులకు దారి కలదు. తూము ఎప్పుడెత్తవలెను, వల ఎప్పుడు వేయవలెను అను వానిపై కలహములు లేకపోలేదు. అయినను ఎవరి వాటా యేదో ఊరెల్ల నెరుగును. కోస్తాలో రొయ్యల సాగు ప్రబలినపుడు మొదట చెదరినది ఈ యెరుకయే.

రొయ్యల చెరువు వరిమడి వంటిది కాదు. దాని ఉప్పునీరు గట్టు దాటి ప్రక్క పొలములోనికి ఊరును. నడుమ చిక్కిన వరిరైతు నేల క్రమముగా చౌడుబారును, పంట తగ్గును, తుదకు ఆతడును తన పొలమును రొయ్యలకే కౌలు కీయవలసి వచ్చును. అది ఆతని సమ్మతి యని లెక్కవ్రాసికొనుట సులభమే. తీరమున వలవేయువారి బాధ వేరు. తాతల నాటినుండి నడచిన బాట చెరువుగట్ల నడుమ మాయమై, పడవ చేరుటకు చుట్టుతిరిగి పోవలసిన దుర్గతి వారిది. బావినీరు ఉప్పనైనచో ఆ కష్టము మొదట తగులునది బిందె మోయు స్త్రీకి.

ఈ బాధలే 1990ల తొలిభాగమున న్యాయస్థానమున కెక్కినవి. తమిళనాటి సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యముపై 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సఘీర్ అహ్మద్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనము తీర్పు చెప్పినది. తీర నియంత్రణ మండలములోని రొయ్యల పరిశ్రమలను 1997 మార్చి 31 లోపల తొలగింపవలెననియు, సాంప్రదాయిక సాగును మాత్రము విడిచిపెట్టవచ్చుననియు ఆజ్ఞాపించినది. పులికాటు, చిలక సరస్సుల చుట్టు వేయి మీటర్ల మేర పరిశ్రమ కూడదన్నది. నష్టపడినవారికి పరిహారము, పనిపోయిన కూలీలకు ఆరేండ్ల వేతనము చెల్లింపవలెనన్నది. ఒక పరిశ్రమ తన పొరుగువారికి ఏమి బాకీపడునో ఇంత విపులముగా చెప్పిన తీర్పులు అరుదు.

ఆ తీర్పు అమలు కథ వేరు. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టమును చేసి, తీర నియంత్రణ నిషేధము ఈ సాగుకు వర్తింపదని 1991నుండియే చెల్లునట్లు శాసించినది. కోర్టులో గెలిచినది చట్టసభలో పోయినదని తీరవాసులు తలచినచో వారిని తప్పుపట్టుట కష్టము. నిజమునకు ఆ చట్టము క్రింద వెలువడిన మార్గదర్శకములు చెడ్డవి కావు. త్రాగునీటి వనరునకు 100 మీటర్ల దూరము పాటింపవలెను. సహజమైన మురుగుకాలువల కడ్డముగా చెరువు త్రవ్వరాదు. పెద్ద క్షేత్రములు వాడిన నీటిని శుద్ధిచేసి గాని విడువరాదు. చెరువుకును చెరువుకును నడుమ జనము రేవునకు పోవుటకు దారి విడువవలెను. కాగితముపైని ఈ దారి గట్టుమీద కనుపించినంత మేరకే ఊరివారు చట్టమును నమ్ముదురు.

నమ్మకము చెడు తీరునకు భీమవరము దగ్గరి తుందుర్రు తగిన నిదర్శనము. అచ్చట తలపెట్టినది చెరువు కాదు, రొయ్యలను శుద్ధిచేసి యెగుమతికి సిద్ధపరచు ఆక్వా ఫుడ్ పార్కు. దాని మురుగు గొంతేరు డ్రెయినులో కలిసి చేపలు, పంటలు చెడునని తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు గ్రామములవారు ఎదిరించిరి. 2016లో నిషేధాజ్ఞలు వచ్చినవి, అరెస్టులు జరిగినవి. అటుపై మురుగునీటిని గొట్టముల ద్వారా సముద్రమునకు పంపుదుమని ప్రభుత్వము పలికినది. ఈ వరుస గమనింపదగినది. నీరు నిరపాయమైనదైనచో గొట్టమేల? అపాయకరమైనదైనచో గొట్టము మాట ముందే యేల చెప్పలేదు? పోలీసుల తరువాత వచ్చిన హామీని వినువాడు హామీగా కాక ఒప్పుకోలుగా వినును. మరుసటి యేడు మార్చిలో మొగల్తూరు ప్రాంతమున ఒక రొయ్యల శుద్ధికర్మాగారములో తొట్టిని శుభ్రముచేయుచు విషవాయువు సోకి ఐదుగురు పనివారు మరణించిరి. పరిసర గ్రామముల భయము దానితో బలపడెననుటలో వింత లేదు.

చిత్రమేమనగా, నమ్మకము కుదిరిన తీరునకును మొగల్తూరే నిదర్శనము. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు కోస్తా చెరువులను ఊడ్చివేసినది. తెగులు తగిలిన చెరువును రాత్రివేళ కాలువలోనికి విడిచినచో, ఉదయమున పొరుగువాడు ఆ నీటినే తోడికొనును. తన నష్టమును దాచినవాడు పొరుగువాని నష్టమునకు కారకుడగును. పొరుగువాని చెరువునుండి తెగులు తిరిగి వానికే వచ్చును. సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థవారు 2002 ప్రాంతమున మొగల్తూరులో కొలదిమంది చిన్నరైతులను ఒక కూటముగా చేర్చిరి. పిల్లను పరీక్షింపించి కొనుట, ఒక్కమారుగా చెరువులలో వదలుట, తెగులు కనబడిన వెంటనే చాటుట, ఆ నీటిని విడువకుండుట, నిషిద్ధములైన మందులను వాడకుండుట - ఇవియే వారి కట్టుబాట్లు. ఈ యనుభవము పునాదిగా 2007లో కాకినాడ కేంద్రముగా చిన్నరైతుల సంఘములకై జాతీయసంస్థ యొకటి వెలసినది. ఉపన్యాసములు కుదుర్పలేని నమ్మకమును ఒకే కాలువనీరు కుదిర్చినది. అయితే అది రొయ్యలరైతుల నడుమ నమ్మకము. వరిరైతును, వలవేయువాడును ఆ కూటమిలో లేరు. వారును చేరనిదే అది ఊరి నమ్మకము కానేరదు.

పరిశ్రమవారి కష్టములును తక్కువవి కావు. దేశములో రొయ్యల ఉత్పత్తికి ఆంధ్రప్రదేశ్ ముందున్నది. అందు చాలమంది చిన్నకమతాలవారే. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచినపుడు గట్టుమీది రైతు గుండె ఝల్లుమన్నది. ధర పడిన యేట మొదట కోతపడునది నీటిశుద్ధి ఖర్చే. కనుక పొరుగువాని భద్రత అమెరికా విపణిపై ఆధారపడకుండ చూచు బాధ్యత ప్రభుత్వముదే.

2023లో ఆ చట్టమును సవరించి, నమోదులేని సాగుకు పూర్వమున్న జైలుశిక్షను తొలగించి జరిమానాలను నిలిపిరి. శిక్ష తేలికయైన పక్షమున లెక్క బహిరంగము కావలెను. చెరువు త్రవ్వకముందు బావినీటిలో ఉప్పెంత, తరువాత ఎంత అను సంగతి ఏ కార్యాలయపు దస్త్రములోనో కాక పంచాయతీ గోడపై నెలనెలా వ్రాసియుండవలెను. ఇందులకు పెద్ద యంత్రములక్కరలేదు. నీటిలో క్లోరైడు పాలు కనుగొను పరీక్ష కళాశాలల రసాయనశాలలలో విద్యార్థులు చేయదగినదే. వెండి నైట్రేటు ద్రావణము, గాజు బ్యూరెట్టు చాలును. తీరమున ఒక బడి ఆ పని తలపెట్టి, నీటి సీసాలను నింపుటకు రొయ్యలరైతు బిడ్డను, వరిరైతు బిడ్డను, మత్స్యకారుని బిడ్డను కలిపి పంపినచో, ఆ గోడమీది అంకెలను కాదనుటకు ఊరిలో ఎవ్వరికిని సులభముగా నోరురాదు.