పచ్చదనానికి పది శాతం - దేనిలో?

ఊరి బాట వెంట మొక్క నాటడానికి ఏదో ఒక పథకం సొమ్ము దొరుకుతున్నది. తరువాత దానిని ఏళ్ళ తరబడి కాపాడే ఖర్చు చివరకు గ్రామ పంచాయతీ నెత్తిన పడుతున్నది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ప్రతి పంచాయతీ తన బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కలలో 85 శాతం బతకాలి; లేనిచో సర్పంచ్, కార్యదర్శులపై వేటు పడవచ్చును.

చట్టం గట్టిదే. చిక్కంతా ఆ పది శాతం దేనిలో అన్న దగ్గరే ఉన్నది. ఏడాదికి 5 లక్షల రూపాయల బడ్జెట్ గల చిన్న పంచాయతీకి ఈ వాటా 50 వేలు, అంటే నెలకు 4 వేల చిల్లర. నీళ్ళ ట్యాంకరు లాగే ట్రాక్టరుకు డీజిలు, డ్రైవరు కూలి, ముళ్ళకంచె, చచ్చిన మొక్క స్థానే కొత్త మొక్క, అన్నీ అందులోనే. మేకల బెడద లెక్కలో చేరనే లేదు!

పంచాయతీ సొంత రాబడిలో ముఖ్యమైనది ఇంటి పన్ను. పైన మరో అంతస్తు లేచినా పాత కొలతలపైనే పన్ను సాగుతున్న ఇళ్ళు లేకపోలేదు. మళ్ళీ కొలిస్తే భారం పెరుగుతుందని జనం జంకుతారు. వాకిటి మొక్క ఎండుతుంటే పన్నెందుకు కట్టాలని అడగడమూ న్యాయమే. వచ్చిన పన్నెంత, అందులో మొక్కల వాటా ఎంత, ఎన్ని ట్యాంకర్ల నీరు పోశారన్నది గ్రామసభలో చదివి వినిపిస్తే ఈ తగవు సగం తీరుతుంది. పన్ను వసూళ్ళ హడావుడి మార్చిలో. మొక్కకు నీటి కరువూ అప్పుడే మొదలు. కనుక ఆ లెక్క ఫిబ్రవరిలోనే జనం ముందు పెట్టవలసి ఉన్నది.