సమాధానము అనే మాట

తెలుగు పండితునిగా బడిలో బ్రతుకు గడిపినవాడిని కనుక, ఏ విషయాన్నైనా ముందు మాటతో మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈ టపా కూడా అంతే.

బడిలో సమాధానమంటే ప్రశ్నకు జవాబు. వేదాంతంలో శమదమాది షట్క సంపత్తిలో ఒకటి. చిత్తం చెదరక నిలవడం. తెలుగు బైబిలులో మాత్రం అది శాంతికి పేరు. తమిళులూ ఈ మాటను ఆ అర్థంలోనే వాడతారు. ‘సమ్’, ‘ఆ’ అనే ఉపసర్గలు ‘ధా’ ధాతువుతో కలిసి ఏర్పడిన పదమిది. చక్కగా ఒకచోట కూర్చి నిలపడం దాని మూలార్థం. హీబ్రూ భాషలోని ‘షాలోం’ అనే మాటకు వెలితి లేకుండడం, సంబంధాలన్నీ సరిగా ఉండడం అని అర్థం. దానికి ఇంతకంటే తగిన తెలుగు దొరకదని నా అభిప్రాయం.

క్రైస్తవ జీవితంలోని సంతోషాన్ని గురించి చెప్పేటప్పుడు మనవారు ఈ మాటను ప్రక్కకు పెడుతున్నారు. సంతోషమంటే నాకూ దేవునికీ మధ్య జరిగే సొంత వ్యవహారమన్నట్లు ప్రసంగాలు సాగుతున్నాయి. రోగం నయమైంది, అప్పు తీరింది, వీసా వచ్చింది: సాక్ష్యాలలో వినబడేవి చాలావరకు ఇవే. పొరుగువాడు వాటిలో ఎక్కడా కనబడడు.

మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో యేసు చెప్పిన వరుస వేరు. కానుక తెచ్చి బలిపీఠం ముందు నిలిచినవాడికి తన సోదరుడు గుర్తుకు వస్తే, కానుకను అక్కడే విడిచి, వెళ్ళి, మొదట అతనితో సమాధానపడాలి. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. నాకు అతని మీద ఉన్న కోపం కాదు ప్రస్తావన. అతనికి నా మీద ఉన్న ఫిర్యాదు. అంటే నడవవలసినవాడు నొప్పించినవాడే. నష్టపోయినవాడిని ‘సర్దుకుపో’ అని నోరు నొక్కడం సమాధానం కానే కాదు.

దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మా ఆర్మూరు నుండి హైదరాబాదు వెళ్ళే రహదారి మీదనే డిచ్‌పల్లి ఉంది. స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త, వెస్లియన్ మిషను పాదిరి జార్జ్ కెర్, 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పారు. అందుకు ధనసహాయం చేసిన నర్సాగౌడ్ నిజామాబాదుకు చెందిన హిందూ దాత. ఆ రోజులలో ఉన్న మందు చాల్‌మూగ్ర నూనె సూదులు. ఊరు తాకనివారిని తాకి సూది వేయడమే అక్కడి వైద్యానికి మొదటి మెట్టు. సువార్తలో యేసు కూడా కుష్ఠురోగిని ముందు తాకాడు, తరువాత బాగుచేశాడు; ఆపైన యాజకునికి కనబరచుకొమ్మని పంపాడు. యాజకుడు శుద్ధుడని చెబితేనే ఆనాటి ధర్మశాస్త్రం ప్రకారం మనిషి తిరిగి ఊరిలోకి రాగలడు. దేహం బాగుపడినంత మాత్రాన పని ముగియలేదన్నమాట.

మన కాలంలో ఏమైంది? బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లోనే సిఫారసు చేసింది. కుష్ఠు పూర్తిగా నయమయ్యే జబ్బయింది. అయినా జీవిత భాగస్వామికి కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలును మన చట్టాల నుండి తొలగించింది 2019లో! అలా సవరించిన వాటిలో హిందూ వివాహ చట్టం ఉంది, క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టమూ ఉంది. మందు వచ్చిన తరువాత కూడా దాదాపు నాలుగు దశాబ్దాలపాటు, స్వస్థతను గురించి అంతగా పాడే మనకు సైతం ఆ తలుపు తెరిచే ఉన్నదన్నమాట. జబ్బుకు మందు దొరికింది కానీ, మనుషుల మధ్య సమాధానం అంత త్వరగా కుదరలేదు.

మా ప్రాంతంలో పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టే రోజులూ, శ్రమకాలపు నలుబది దినాలూ ఇంచుమించు ఒక్కసారే వస్తాయి. ఉపవాస కూడికలూ, పంట సొమ్ము పంపకాలూ, అన్నదమ్ముల గట్టు తగాదాలూ అన్నీ ఆ నెలలలోనే. అన్నతో మాట మానేసి నలుబది దినాలు ఉపవాసముండేవారు మనలో ఉన్నారు. దేవునితో నాకు బాగానే ఉంది, చాలదా అని వారు అడుగుతారు. సువార్త చెప్పిన వరుసను బట్టి చూస్తే చాలదనే నా జవాబు. ప్రార్థన మానమనడం లేదు. యేసు కూడా కానుకను పారవేయమనలేదు, తిరిగి వచ్చి అర్పించమన్నాడు. కానీ ముందు అన్న గడప దాకా వెళ్ళాలి. అతడు తలుపు తీయకపోవచ్చు. అయినా వెళ్ళివచ్చినవాడి మనసు తేలికపడుతుంది. క్రైస్తవ సంతోషమంటే నేనెరిగినంతలో అదే.

మీలో ఎవరికైనా ఇది అతిగా తోస్తే తప్పక వ్రాయండి. చర్చించుకుందాం.